మనిషి కనపడని బొమ్మలో మనిషెక్కడ? సూర్యప్రకాశ్ చెరువులు

 

పోయిన ఎపిసోడ్ కింద చాలా మంది దాదాపు ఒకే ప్రశ్న అడిగారు. "మనుషులున్న పెయింటింగ్ అయితే ఏదో అర్థమవుతుంది. ముఖం ఉంటుంది, కథ ఉంటుంది. కానీ ఉత్త చెట్టు, నీళ్లు, నాలుగు ఆకులు ఉన్న పెయింటింగ్‌లో ఏం చూడాలి? దానికీ నా ఫోన్ వాల్‌పేపర్‌కీ తేడా ఏంటి?" మంచి ప్రశ్న. నిజానికి అడగాల్సిన ప్రశ్న. దీనికి సమాధానం మన హైదరాబాద్‌లోనే ఉంది. ఆ సమాధానం పేరు సూర్యప్రకాశ్.

ఆయన 1940లో ఖమ్మం జిల్లా మధిరలో పుట్టారు. హైదరాబాద్ ఫైన్ ఆర్ట్స్ కాలేజీలో చదువుకున్నారు. తర్వాత ఢిల్లీ వెళ్లి రామ్ కుమార్ అనే పెద్ద చిత్రకారుడి దగ్గర పని నేర్చుకున్నారు. మళ్లీ హైదరాబాద్ వచ్చి ఇక్కడే ఉండిపోయారు. 2019 మేలో చనిపోయారు. అంటే మీలో చాలా మంది ఈ ఊళ్లో చదువుకుంటూనో, ఉద్యోగం చేస్తూనో ఉన్నప్పుడు ఆయన కూడా ఇదే ఊళ్లో బొమ్మలు వేస్తున్నారు.

ఆయన పేరు చెప్పగానే తెలిసినవాళ్లకి గుర్తొచ్చేవి చెరువులు, తామరలు, రాలిన ఆకులు, నీళ్లలో పడ్డ ఆకాశం. కానీ ఆయన అక్కడ మొదలవలేదు. మొదలైంది తుక్కు కార్లతో.

అవును, తుక్కే. తొలి రోజుల్లో ఆయన వేసిన బొమ్మల్లో పాడైపోయిన మోటారు బండ్లు ఉంటాయి. నుజ్జయిన రేకులు, బయటికొచ్చిన ఇంజిన్లు, తుప్పు పట్టిన ఇనుము. ఒక్కసారి ఊహించుకోండి. మన దగ్గర ఏ పోలీస్ స్టేషన్ వెనకకి వెళ్లినా, ఏ పాత ఇనుప సామాన్ల కొట్టు పక్కన నిలబడ్డా ఇలాంటి బండ్లు కుప్పలుగా కనిపిస్తాయి. మనం రోజూ చూస్తాం. అంటే కళ్లు అటు తిరుగుతాయి, అంతే. ఆయన ఆగి చూశారు.

ఆగి చూస్తే ఏం కనిపిస్తుంది? ముందు రంగులు. తుప్పు అంటే మనకి ఒకటే రంగు, గోధుమ. కానీ దగ్గరికి వెళ్తే నారింజ ఉంటుంది, ఎరుపు ఉంటుంది, నల్లగా మారినచోట ఊదా ఛాయ ఉంటుంది. పాత పెయింటు పెచ్చులూడినచోట ఇంకా నీలం మిగిలుంటుంది. రెండోది, ఆకారాలు. వంగిన రేకు ఒక్కోసారి పక్కటెముకలా ఉంటుంది. ఊడిపోయిన ట్యూబులు పేగుల్లా ఉంటాయి. అది యంత్రం అన్న సంగతి మెల్లగా మర్చిపోతాం, ఒక శరీరం పడి ఉన్నట్టు అనిపిస్తుంది.

ఇక్కడ కొంచెం సైన్స్ చెప్పుకుందాం. తుప్పు ఎలా పడుతుంది? ఇనుము గాలిలో ఉన్న ఆక్సిజన్‌తో, నీళ్లతో కలిసి ఆక్సైడ్ అవుతుంది. భూమిలో ఇనుప ఖనిజం ఉండేది కూడా ఎక్కువగా ఆక్సైడ్ రూపంలోనే. మనం దాన్ని తవ్వి, కొలిమిలో కాల్చి, ఆక్సిజన్ తీసేసి ఇనుము చేస్తాం. కారు తయారు చేస్తాం. వదిలేస్తే అది మళ్లీ దాదాపు పాత రూపానికే వెళ్లిపోతుంది. అంటే తుప్పంటే మట్టి తన సొత్తుని నిదానంగా వెనక్కి తీసుకోవడం అన్నమాట. అందుకే నేను ఆ తుక్కు కార్ల బొమ్మల్ని కూడా ప్రకృతి చిత్రాల కిందే లెక్క వేస్తాను. చాలా మంది "మొదట కార్లు వేశాడు, తర్వాత ప్రకృతి వైపు తిరిగాడు" అని రెండు ముక్కలు చేస్తారు. నాకు మాత్రం రెండిట్లోనూ ఒకే ప్రశ్న కనిపిస్తుంది. ఒక వస్తువు పని అయిపోయాక, ఎవరికీ అక్కర్లేనప్పుడు, దానికి ఏమవుతుంది? కారుకైతే తుప్పు. ఆకుకైతే రాలడం, నీళ్లలో నానడం, మురగడం, మళ్లీ మట్టి. మనకి? మనకీ అదే కదా.

ఇప్పుడు ఆయన గురువు రామ్ కుమార్ సంగతి. ఈయన కథ తెలిస్తే సూర్యప్రకాశ్ బొమ్మల్లో మనుషులు ఎందుకు కనపడరో కొంచెం పట్టు దొరుకుతుంది. రామ్ కుమార్ మొదట్లో మనుషుల్నే వేశారు. నగరంలో ఉద్యోగం లేక దిగాలుగా నిలబడ్డ మనుషులు, ఖాళీ కళ్లు. 1960లో ఎం.ఎఫ్. హుస్సేన్‌తో కలిసి కాశీ వెళ్లారు. కాశీ అంటే ఎంత జనం! ఘాట్ల మీద అడుగు పెట్టే చోటుండదు. కానీ ఆ తర్వాత ఆయన వేసిన కాశీ బొమ్మల్లో మనుషులు మెల్లగా మాయమయ్యారు. ఇళ్లు, మెట్లు, నది, బూడిద రంగు. అంతే. చిత్రం ఏంటంటే, మనుషులున్న బొమ్మల్లో కంటే మనుషులు లేని ఆ బొమ్మల్లోనే దిగులు ఎక్కువ. ఎందుకంటే ముందు ఆ దిగులు బొమ్మలోని మనిషిది. ఇప్పుడు చూస్తున్న మనది.

ఈ మాట గుర్తు పెట్టుకోండి, దీంతోనే చెరువు దగ్గరికి వెళ్దాం.

సూర్యప్రకాశ్ చెరువు బొమ్మ ముందు నిలబడితే మొదట ఒక చిన్న తికమక వస్తుంది. గట్టు కనపడదు, లేదా ఓ మూలన కొంచెం కనపడుతుంది. కాన్వాస్ నిండా నీళ్లే. నీళ్ల మీద తేలుతున్న ఆకులున్నాయి. ఆకుల మధ్య ఆకాశం ఉంది, చెట్ల కొమ్మలు తలకిందులుగా ఉన్నాయి. వాటి కింద ముదురు నీలంగానో ఊదాగానో ఇంకేదో ఉంది. అది లోతా? నీడా? పైనున్న మబ్బా? తేల్చుకోలేం. కన్ను పైకి వెళ్తుంది, కిందికి దిగుతుంది, మళ్లీ పైకి వస్తుంది.

రహస్యం, మిస్టరీ అంటే మనకి సినిమాల వల్ల పొగమంచు, పాడుబడ్డ బంగళా, తెల్ల చీర గుర్తొస్తాయి. ఈ బొమ్మల్లో రహస్యం అది కాదు. అన్నీ వెలుగులోనే ఉన్నాయి, అన్నీ కనపడుతూనే ఉన్నాయి, అయినా ఏది ఎక్కడుందో తేలడం లేదు. నాకు తెలిసి మన బతుకులో ఎదురయ్యే రహస్యాలు ఎక్కువ ఇలాంటివే. ఇంట్లో అమ్మానాన్నల ముఖాలు ఇరవై ఏళ్లుగా చూస్తున్నాం. లోపల ఏముందో మనకి తెలుసా?

దీన్ని మీరే పరీక్ష చేసి చూడొచ్చు. ఏ చెరువు గట్టు మీదైనా చాలు. మా ప్రగతి నగర్‌లో అయితే అంబీర్ చెరువు ఉంది. గట్టు దగ్గర నిలబడి కాళ్ల ముందున్న నీళ్లలోకి నిట్టనిలువుగా చూడండి. నీళ్లు కాస్త తేటగా ఉంటే అడుగు కనపడుతుంది. ఎందుకంటే నిలువుగా చూసినప్పుడు నీటి ఉపరితలం వెలుతురులో వందకి రెండు వంతులే వెనక్కి కొడుతుంది, మిగతాది లోపలికి వెళ్తుంది. ఇప్పుడు తల ఎత్తి అవతలి గట్టు వైపు చూడండి. అక్కడ నీళ్లలో ఏమీ కనపడదు, ఆకాశమూ అపార్ట్‌మెంట్లే కనపడతాయి. ఏటవాలుగా చూసే కొద్దీ నీళ్లు అద్దంలా మారిపోతాయి. అవే నీళ్లు, అదే నిమిషం. కాళ్ల దగ్గర కిటికీ, దూరాన అద్దం. మరి కిటికీ ఎక్కడ ఆగింది, అద్దం ఎక్కడ మొదలైంది? ఆ గీత ఎక్కడా దొరకదు. సూర్యప్రకాశ్ ఏళ్ల తరబడి వేసింది ఆ దొరకని గీతనే అని నాకనిపిస్తుంది.

ఇలాంటి నీళ్లు వేసినవాళ్లలో ప్రపంచానికి బాగా తెలిసినాయన ఫ్రాన్స్‌కి చెందిన క్లాడ్ మోనే. సూర్యప్రకాశ్ గురించి మాట్లాడేటప్పుడు ఆయన పేరు వస్తూనే ఉంటుంది. మోనే జివెర్నీ అనే ఊళ్లో తన ఇంటి దగ్గర స్థలం కొని చిన్న కొలను తవ్వించుకున్నాడు, అందులో కలువలు పెంచాడు. చివరి 30 ఏళ్లు దాదాపు ఆ కొలనే వేశాడు. సుమారు 250 బొమ్మలు. అవి వేస్తుండగానే ఆయన కళ్లకి శుక్లాలు వచ్చాయి. 1912లో డాక్టర్లు చెప్పారు. ఆపరేషనంటే భయం, వాయిదా వేస్తూ వచ్చాడు. శుక్లం వస్తే కంట్లోని కటకం పసుపు, గోధుమ రంగులోకి తిరుగుతుంది. నీలం సరిగ్గా తెలియదు. ఆ రోజుల్లో ఆయన వేసిన కొన్ని బొమ్మల్లో ఎరుపు, గోధుమ మంటల్లా ఉంటాయి. చివరికి 1923లో ఒక కంటికి ఆపరేషన్ చేయించుకున్నాడు, మళ్లీ పనిలో పడ్డాడు, 1926లో చనిపోయాడు.

శుక్లం సంగతి ఎందుకు చెప్తున్నానంటే, సూర్యప్రకాశ్ ఏళ్ల తరబడి పని చేసిన చోటు ఒక కంటి ఆసుపత్రి. బంజారాహిల్స్‌లో ఉన్న ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ. సినిమా దర్శక నిర్మాత ఎల్.వి. ప్రసాద్ స్థలమూ డబ్బూ ఇస్తే, డాక్టర్ గుళ్లపల్లి నాగేశ్వరరావు 1987లో మొదలుపెట్టిన ఆసుపత్రి. అక్కడ సూర్యప్రకాశ్ ఆస్థాన చిత్రకారుడిగా ఉన్నారు. అంటే రాజులకి ఆస్థాన కవులున్నట్టు, ఒక ఆసుపత్రికి చిత్రకారుడు! ఆయన బొమ్మలు ఆ గోడల మీదున్నాయి.

ఇప్పుడు ఆలోచించండి. గ్యాలరీలో బొమ్మ చూసేదెవరు? బొమ్మలంటే ఇష్టమున్నవాళ్లు, కొనేవాళ్లు, సెల్ఫీ తీసుకునేవాళ్లు. కంటి ఆసుపత్రిలో చూసేదెవరు? ఏ ఊరి నుంచో పొద్దున్నే బస్సెక్కి వచ్చిన పెద్దాయన. కంట్లో చుక్కలు వేస్తే పాప పెద్దదై అంతా మసగ్గా కనపడుతూ బెంచీ మీద కూర్చున్న అమ్మ. చూపు వస్తుందో రాదో తెలియని పిల్లాణ్ణి ఒళ్లో పెట్టుకున్న తల్లి. వాళ్లు పెయింటింగ్ చూద్దామని రాలేదు. గోడ మీద ఉంది కాబట్టి చూస్తారు. కొందరికి అది రంగుల మరక. కొందరికి చెరువు. కొందరికి ఏమీ కనపడదు.

మా అమ్మమ్మకి శుక్లం తీసిన మర్నాడు, పట్టీ విప్పాక ఆమె అడిగిన మొదటి మాట, వంటింటి గోడకి మళ్లీ సున్నం వేశారా అని. ఎవరూ వేయలేదు. గోడ ఎప్పటి నుంచో తెల్లగానే ఉంది. అన్నేళ్లూ ఆమెకి పచ్చగా కనపడుతున్న సంగతి ఆమెకీ తెలియదు, మాకూ తెలియదు. చూపు మెల్లగా పోతున్నప్పుడు పోతున్నట్టు తెలియదు. అది కంటికి మాత్రమే జరిగే సంగతా? మనం రోజూ నడిచే దారి పక్కన ఏముందో మనకి కనపడటం ఎప్పుడు మానేసింది?

మొదటి ప్రశ్నకి నా సమాధానం ఇదే. సూర్యప్రకాశ్ చెరువుల్లో మనిషి కనపడడు. ఎందుకంటే ఆ మనిషి కాన్వాస్ ఇవతల నిలబడి ఉన్నాడు. నీళ్లకేసి చూస్తున్నది ఎవరు? మీరే. అద్దమా, కిటికీయా అని తేల్చుకోలేక తికమక పడుతున్నదెవరు? మీరే. రాలిన ఆకుని చూసి కారణం లేకుండా గొంతు పట్టుకున్నది ఎవరికి? మీకే. వాల్‌పేపర్ మీ వెనకాల ఉండటానికి చేసిన బొమ్మ. దాని మీద ఐకాన్లు పెట్టుకుంటారు, అది మిమ్మల్ని ఏమీ అడగదు. పెయింటింగ్ మీకు పని చెప్తుంది.

ఇదొక్కటే దారి అని అనడం లేదు. సరిగ్గా అదే 1940లో మెదక్ జిల్లా నిజాంపూర్‌లో పుట్టి, అదే హైదరాబాద్ కాలేజీలో చదివిన కె. లక్ష్మాగౌడ్‌ని చూడండి. 2016లో పద్మశ్రీ వచ్చింది. మన గచ్చిబౌలిలోని సెంట్రల్ యూనివర్సిటీలో ఎంతో మందికి బొమ్మలు నేర్పారు. ఆయన బొమ్మల్లో అంతా మనుషులే. ఆడా మగా, మేకలు, చెట్లు ఒకదాంట్లోంచి ఒకటి పుట్టుకొచ్చినట్టు పెనవేసుకుని ఉంటాయి. కోరిక, భయం, పల్లెటూరు అన్నీ ఒకే గీతలో వస్తాయి. ఒకాయన మనిషికీ ప్రకృతికీ మధ్య గోడ లేదని మనుషుల్ని నింపి చెప్పారు, ఇంకొకాయన మనుషుల్ని తీసేసి చెప్పారు.

ఇక ఇప్పుడు ఒక గట్టి అభ్యంతరం. ఇది నాకు నేనే వేసుకున్న ప్రశ్న కూడా. "చెరువుని ఇంత అందంగా వేస్తే నిజం దాచినట్టు కాదా? మన చెరువులు ఇలా ఉన్నాయా?"

లేవు. ప్రగతి నగర్ వాళ్లకి నేను చెప్పక్కర్లేదు. పొద్దున అంబీర్ చెరువు దగ్గర వాకింగ్‌కి వెళ్తే కొన్ని రోజులు బాగుంటుంది, కొన్ని రోజులు ముక్కు మూసుకోవాలి. వినాయక నిమజ్జనం అప్పుడు జనం, బతుకమ్మకి పూలు, మిగతా రోజుల్లో మురుగు, గుర్రపుడెక్క. మీరు గుర్రపుడెక్క పువ్వుని ఎప్పుడైనా దగ్గర్నుంచి చూశారా? లేత ఊదా రంగు, మధ్య రేకు మీద నెమలి కన్నులాంటి పసుపు మచ్చ. చాలా అందంగా ఉంటుంది. కానీ అది అంత దట్టంగా పెరిగిందంటే నీళ్లలో మురుగు కలుస్తోందని అర్థం. మురుగులోని నైట్రోజన్, ఫాస్పరస్ తిని అది పెరుగుతుంది. నీళ్లని పూర్తిగా కప్పేస్తే కింద చేపలకి ఆక్సిజన్ అందదు. అందమూ నిజమే, చావూ నిజమే, రెండూ ఒకే మొక్కలో.

చెరువు అందాన్ని వేసిన చిత్రకారుడు మొదట తుప్పుని వేసినవాడని మర్చిపోకండి. ఆయనకి కుళ్లు తెలియక కాదు. తుప్పులో రంగు చూసినవాడు ఎండుటాకులో కూడా రంగు చూశాడు. ఆకు ఎండిందని దాచలేదు, ఎండిన ఆకునే బొమ్మ మధ్యలో పెట్టాడు. అందానికీ నాశనానికీ మధ్య గీత గీయమంటే, నీళ్లలో కిటికీకీ అద్దానికీ మధ్య గీత గీయమన్నట్టే.

ఇంకొక సంగతి. తెలంగాణలో చెరువులు గొలుసుకట్టుగా ఉండేవి. పైచెరువు నిండితే అలుగు పారి కింది చెరువులోకి నీళ్లు వెళ్తాయి, అది నిండితే దాని కిందిదాంట్లోకి. కాకతీయుల కాలం నుంచీ ఉన్న పద్ధతి. మధ్యలో ఒక్క చెరువు పూడ్చేస్తే గొలుసు తెగుతుంది, వానొచ్చినప్పుడు నీళ్లు ఎటు పోవాలో తెలియక ఇళ్లలోకి వస్తాయి. ఐటీ కారిడార్ చుట్టూ కాలనీలు మునిగినప్పుడల్లా మనం ఫోన్‌లో వీడియోలు తీస్తాం. కానీ చెరువు ఒక్క రోజులో మాయం కాదు. ఈ ఏడు ఓ లారీ మట్టి, వచ్చే ఏడు ఓ ప్రహరీ గోడ. శుక్లం లాగానే, మెల్లగా. ఆగి చూసే అలవాటున్న కన్నుకే తేడా పట్టుబడుతుంది. పెయింటింగ్ చెరువుని కాపాడుతుందని నేననను. అది చట్టం పని, ఆఫీసర్ల పని, మన ఓటు పని. కానీ చూడటం రానివాడికి ఏం పోయిందో కూడా తెలియదు కదా.

సరే, ఇప్పుడు పని. మూడు విషయాలు చెప్తాను.

ఒకటి, ఆయన బొమ్మల్ని ఫోన్‌లో చూసి సరిపెట్టుకోకండి. ఫోన్‌లో కాన్వాస్ అరచేయంత అవుతుంది, కన్ను తిరగడానికి చోటుండదు. ఇంట్లో పెద్దవాళ్లని కంటి పరీక్షకి ఆ ఆసుపత్రికి తీసుకెళ్లినప్పుడు, మన వంతు వచ్చేలోపు గోడల వైపు చూడండి. అది ఆసుపత్రి కాబట్టి ప్రత్యేకంగా బొమ్మల కోసం గుంపుగా వెళ్లి పేషెంట్లకి అడ్డం పడొద్దు. మామూలుగా పెయింటింగ్స్ చూడాలంటే మాదాపూర్ కావూరి హిల్స్‌లో స్టేట్ ఆర్ట్ గ్యాలరీ ఉంది. ఎవరివో ఒకరివి ప్రదర్శనలు జరుగుతుంటాయి. ఆఫీసు నుంచి వచ్చే దారిలోనే కదా.

రెండు, బొమ్మ ముందు ఐదు నిమిషాలు నిలబడండి. గడియారం చూసి ఐదు. మొదటి నిమిషం "చెరువు" అంటుంది మనసు. రెండో నిమిషం బోర్ కొడుతుంది. చెయ్యి జేబులో ఫోన్ వైపు వెళ్తుంది, వెళ్లనివ్వకండి. మూడో నిమిషంలో కన్ను తనంతట తాను తిరగడం మొదలుపెడుతుంది. కళ్లు సగం మూసి చూడండి, వస్తువులు పోయి రంగులు మిగులుతాయి. అరచేత్తో సగం బొమ్మ కప్పి మిగతా సగం చూడండి. తర్వాత నాలుగడుగులు వెనక్కి, మళ్లీ నాలుగడుగులు ముందుకి.

మూడు, ఈ వారం మీ దగ్గరున్న చెరువుకో కుంటకో వెళ్లండి. కాళ్ల ముందు నుంచి అవతలి గట్టు దాకా చూపుని మెల్లగా జరపండి. అద్దం మీకు ఎక్కడ మొదలైనట్టు అనిపించిందో, అక్కడ నీళ్లు ఏ రంగులో ఉన్నాయో ఒక్క వాక్యంలో కింద కామెంట్‌లో రాయండి. ఫొటో వద్దు. మాటల్లోనే. "నీలం" అని రాస్తే ఒప్పుకోను, ఏ నీలమో చెప్పాలి.

ఆ కామెంట్లు చదువుకుంటూ వచ్చే ఎపిసోడ్‌లో లక్ష్మాగౌడ్ ఎచింగులు చూద్దాం. రాగి రేకు మీద గీసి, యాసిడ్‌లో ముంచి ఆ గీతలు ఎలా తెస్తారో వివరంగా మాట్లాడుకుందాం. ఉంటాను మరి, నమస్తే.